చెప్పు కరుస్తుంటే పనెలా చేస్తాం?

ప్రశ్న: బ్యాంకులో చేరి మూడు నెలలైంది. ముందువైపు సన్నగా ఉండే హీల్స్ వేసుకుంటే సాయంత్రానికి చిటికెన వేలు కందిపోతోంది, పూర్తిగా ఫ్లాట్‌గా ఉన్నవి వేస్తే మడమ నొప్పి. నీట్‌గా ఉంటూ నొప్పి పెట్టనివి ఏవి కొనాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ పక్కన పెట్టేయండమ్మా. అంగుళం, అంగుళంన్నర ఎత్తులో వెడల్పాటి, దిమ్మలాంటి హీల్ (block heel), ముందు గుండ్రంగా ఉండి వేళ్లు కదిలేంత చోటున్నవి తీసుకోండి. నలుపో ముదురు గోధుమ రంగో అయితే చీరకీ చుడీదార్‌కీ నప్పుతాయి. షాపుకి మాత్రం సాయంత్రమే వెళ్లండి, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన జత రాత్రికి బిగుతైపోతుంది. రెండు కాళ్లకీ వేసుకుని నిలబడి చూడండి, పొడవాటి వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. చెప్పుని చేత్తో వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, నడిమధ్యలో అట్టలా మడత పడితే వద్దు. "వాడగా వాడగా సాగుతుందిలెండి" అని షాపతను చెప్తే అస్సలు నమ్మకండి, కరిచేది మీ కాలినే. వీలైతే రెండు జతలు కొని రోజు మార్చి రోజు వేసుకోండి, చెమట ఆరుతుంది. అయినా మడమ నొప్పి తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.