అన్నం దగ్గర ఇంగ్లీషు పరీక్ష వద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. మా అబ్బాయికి ఇంటర్ ఇంగ్లీషులో నూటికి 94 వచ్చాయి. బీటెక్ కూడా ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఏడాదిగా హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు తిరిగాడు. రాత పరీక్ష దాటుతాడు, మాట్లాడే రౌండ్‌లో పోతుంది. నాలుగుసార్లూ ఇదే. ఇప్పుడు ఇంటికి వచ్చేసి ఇక పోనంటున్నాడు. చుట్టాలు వస్తే గది తలుపు వేసుకుంటాడు. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల నాన్న వాడితో ఇంగ్లీషు రైమ్స్ చెప్పించి మురిసిపోయేవారు. ఇప్పుడు అన్నం దగ్గర “ఇన్ని లక్షలు పోసి చదివిస్తే నాలుగు ముక్కలు మాట్లాడరాదా” అంటారు. వాడు కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను. అసలు వీడు చదవకుండానే ఆ మార్కులు వచ్చాయా?

– ఒక తల్లి

జవాబు: లేదమ్మా, మీ అబ్బాయి చదివాడు. ఆ 94 అతను కష్టపడి తెచ్చుకున్నవే. ముందు ఈ మాట మీ నోటితో అతనికి చెప్పండి. ఈ ఏడాదిలో ఆ మాట అతనితో ఎవరూ అని ఉండరు.

అయితే ఆ మార్కులు దేనికి వచ్చాయో చూడండి. అతను రాసిన రోజుల్లో ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో ఉచ్చారణ మీద కూడా ప్రశ్నలు ఉండేవి. ఏ మాటలో ఏ అక్షరం పలకదో రాయమనేవారు. ‘నైఫ్’లో ‘కె’ పలకదని రాస్తే మార్కు పడేది. ఆ మాటను ఒక్కసారి పలికి వినిపించమని అడిగినవారు లేరు. సంభాషణ రాయమనే ప్రశ్నా ఉండేది. ఇద్దరు మాట్లాడుకోవాల్సిన మాటలు ఒక్కడే కూర్చుని కాగితం మీద రాసేవాడు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ పట్టి, పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నోరు మెదపకుండా కూర్చున్న పిల్లవాడే అక్కడ మంచి పిల్లవాడు. మీ అబ్బాయి మంచి పిల్లవాడిగానే పెరిగాడు. ఇప్పుడు ఇంటర్వ్యూలో ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ‘నీ గురించి చెప్పు’ అంటే, ఎన్నడూ అడగని దాన్ని ఒక్కసారిగా అడిగినట్టయింది.

2023-24లో మన ఇంటర్ బోర్డు మొదటి సంవత్సరం ఇంగ్లీషుకు ప్రాక్టికల్స్ తెచ్చింది. రాతకు 80, ప్రాక్టికల్స్‌కు 20. మాట్లాడటం నేర్పలేదన్న సంగతి బోర్డే ఒప్పుకున్నట్టు. మీ అబ్బాయి అప్పటికే ఇంటర్ దాటిపోయాడు. ఆ లోటుకు అతన్ని దోషిని చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

మీ ఆయనకు ఇంకో సంగతి చెప్పండి. తెలుగులో పని చివర చెబుతాం. ‘నేను నిన్న బస్సులో హైదరాబాద్ పోయాను’ అన్నప్పుడు ‘పోయాను’ ఆఖర్న వస్తుంది. ఇంగ్లీషులో ‘నేను’ అన్న వెంటనే పని చెప్పేయాలి. మనసులో తెలుగు వాక్యం కట్టుకుని, దాన్ని తిప్పి, కాలం సరిచూసుకుని పలకాలంటే సమయం పడుతుంది. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. ఎదుట మనిషి కళ్లలోకి చూస్తుంటే ఆ రెండు క్షణాలే యుగంలా ఉంటాయి. ఈ తడబాటు తెలివి తక్కువై వచ్చింది కాదు. నోటికి అలవాటైతే పోతుంది, అలవాటు కావాలంటే తప్పులు మాట్లాడనివ్వాలి.

మీ ఉత్తరంలో నా మనసు ఆగింది రైమ్స్ దగ్గర. మీ ఆయన ప్రేమతోనే చెప్పించారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ పిల్లవాడికి ఇంగ్లీషు అంటే నలుగురి ముందు నిలబడి ఒప్పజెప్పేదే అయింది. ఒప్పజెబితే చప్పట్లు, తప్పితే నవ్వులు. కాలేజీలో అదే, ఇంటర్వ్యూలో అదే, ఇప్పుడు కంచం ముందూ అదే. తప్పు మాట్లాడినా ఏమీ కాని చోటు అతనికి ఇంట్లో కూడా లేకుండా పోయింది. అన్నం దగ్గర ఆ మాట ఇవాళ్టి నుంచే ఆగాలి. కొడుకు పక్కన లేనప్పుడు మీ ఆయనకు మెల్లగా చెప్పండి. అందరి ముందు చెబితే ఆయనా కంచం ముందు నుంచి లేస్తారు.

మరి ఆయన ఏం చేయాలి? ఆయనకు వడ్లు బియ్యమయ్యే దారంతా తెలుసు. వడ్ల తేమ చూడటం, ఉప్పుడు బియ్యానికైతే నానబెట్టి ఆవిరి పట్టడం, ఆరబెట్టడం, ఊక తీయడం, పాలిష్ పట్టి తవుడు తీయడం, నూకలు వేరు చేయడం. రోజుకు ఒక్క ముక్క ఆయన తెలుగులో చెప్పాలి, అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. తండ్రికి ఇంగ్లీషు రాదు కాబట్టి తప్పులు పట్టరు. కొడుక్కి మిల్లు పని తెలియదు కాబట్టి అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది. వీళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో మీకే తెలియాలి. అది కూడా ఇందులోనే మొదలవుతుందని నా ఆశ.

అబ్బాయి తనంతట తాను చేయాల్సిందీ ఉంది. తన బీటెక్ ప్రాజెక్టు గురించి ఫోన్‌లో రికార్డు పెట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత అదే విషయం మూడు నిమిషాల్లో, ఆ తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి. విషయం మారదు కాబట్టి మూడోసారికి వెతుకులాట తగ్గి మాట సాగుతుంది. అదే పరిస్థితిలో ఉన్న స్నేహితుడు ఒకరుంటే రాత్రిపూట ఫోన్‌లో ఇంగ్లీషులోనే మాట్లాడుకోవచ్చు. మాట మధ్యలో తప్పు దిద్దకూడదన్నది ఒక్కటే షరతు.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు డబ్బు కట్టే ముందు ఒక లెక్క వేయండి. గంట క్లాసులో 40 మంది ఉంటే, సారు ఒక్క మాట మాట్లాడకపోయినా ఒక్కొక్కరికి దక్కేది నిమిషంన్నర. అక్కడ మళ్లీ గ్రామర్ నోట్సే రాయిస్తుంటే చేర్పించకండి.

ఇంకొకటి గమనించండి. తలుపు వేసుకోవడంతో పాటు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ‘నేనెందుకు పనికొస్తా’ లాంటి మాటలు ఉంటే ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టండి. మనసు బాగోలేనివారికి సాయం చేసే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. బతకాలని లేదన్న మాట వింటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తను సిద్ధమని చెప్పేదాకా ఇంటర్వ్యూ ఊసెత్తవద్దు. ఇంటర్వ్యూకు వెళ్లే రోజు చుట్టాలెవరికీ తెలియనివ్వకండి. తిరిగొచ్చి చెప్పులు విడుస్తుండగానే ‘ఏమన్నారు’ అని అడగకండి. కాళ్లు కడుక్కోమని, అన్నం పెట్టండి. చెప్పాలనిపిస్తే తినేటప్పుడు తనే చెబుతాడు.