నిలబడి తెడ్డు వేసేవారికి: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల ప్యాడిల్ బోర్డు (నీటి మీద నిలబడి తెడ్డుతో నడిపే పలక) గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా "ఏ బోర్డు కొనాలి?" అన్నవే. వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు ముందు చెప్పేస్తాను. గాలి గురించి ఒక్క అమ్మాయే రాసింది, అదీ గాలికి దొరికిపోయాక. ఆమెకు కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను.

మా తమ్ముడు సంక్రాంతికి డాలస్ నుంచి వస్తూ గాలి నింపే ప్యాడిల్ బోర్డు తెస్తానంటున్నాడు. నా బరువు 84 కిలోలు. ఏది తెమ్మని చెప్పమంటారు? మా పాప కూడా ముందు కూర్చుంటుందట. (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

పది అడుగుల ఆరు అంగుళాల పొడవు, ఆరు అంగుళాల మందం ఉన్నది తెమ్మనండి. మీరొక్కరే అయితే 32 అంగుళాల వెడల్పు చాలు. పాప కూర్చుంటుందంటున్నారు కాబట్టి 33 లేదా 34 చూడండి. సన్నగా, కోసుగా ఉన్న రేసు బోర్డు ఫొటోలో బాగుంటుంది, మొదటి ఏడాది మిమ్మల్ని నీళ్లలోనే ఉంచుతుంది. పెట్టె మీద రాసే "గరిష్ఠ బరువు" అంకెను నమ్మేయకండి. మీ ఇద్దరి బరువు ఆ అంకెలో మూడింట రెండు వంతులు దాటకపోతే మంచిది.

గాలి విషయానికి వస్తే, చాలామంది ఎనిమిది తొమ్మిది పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర చేతులు నొప్పి పుట్టి పంపు వదిలేస్తారు. తాకి చూస్తే బోర్డు గట్టిగానే ఉంటుంది, ఎక్కాక మధ్యలో కుంగుతుంది. దాని మీద రాసినంత, సాధారణంగా 12 నుంచి 15 దాకా, నింపి తీరాలి. ఆ చివరి నాలుగైదు పీఎస్ఐ కోసమే కారు సాకెట్‌తో నడిచే 12 వోల్టుల పంపు దొరుకుతోంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న రకమైతే దాన్ని ఏ సంచిలో పెట్టాలో విమాన సంస్థను ముందే అడగమనండి. బోర్డు సంచిని కొలవమని కూడా చెప్పండి. చాలా సంస్థలు 23 కిలోల బరువుతో పాటు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే ఒప్పుకుంటాయి. బరువు సరిపోతుంది కానీ ఈ సంచులు తరచూ ఆ కొలత దాటుతాయి.

డబ్బు మిగిలితే బోర్డు మీద కాకుండా తెడ్డు మీద పెట్టండి. బోర్డుతో ఉచితంగా వచ్చే అల్యూమినియం తెడ్డు కిలో దగ్గర ఉంటుంది. కార్బన్‌ది 700 గ్రాములు. నిమిషానికి 35 సార్లు తెడ్డు వేస్తే గంటకు 2,100 సార్లు. ప్రతిసారీ 300 గ్రాముల తేడా అంటే, గంటలో మీ భుజం ఎత్తిన అదనపు బరువు 630 కిలోలు. దీని తర్వాత నాకు వాదన అక్కర్లేదు.

ఇక ఎక్కడ దింపుతారు? చెరువు కనిపించగానే దింపేయకండి. దాన్ని చూసుకునే సంస్థ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. గుర్రపుడెక్క అల్లుకున్న చోట ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) చిక్కుకుంటుంది. అక్కడ పొట్టి ఫిన్ కూడా కాపాడదు.

నా వయసు 46, ఎత్తు 158 సెంటీమీటర్లు. బోర్డు ఎక్కిన పావుగంటకే పాదాలు తిమ్మిరెక్కుతాయి, అరగంటకు నడుము పట్టేస్తుంది. ఇది నా వయసుకు తగిన ఆట కాదేమో? (మధురవాడ నుంచి ఒక గృహిణి)

వయసును వదిలేయండి. డ్రిల్లు టీచరుగా ఉన్నప్పుడు పదిహేనేళ్ల పిల్లల్లో కూడా ఈ రెండు నొప్పులూ చూశాను.

ముందు పాదాలు. పడిపోతామన్న భయంతో కాలి వేళ్లను ముడిచి బోర్డును పట్టుకుంటారు. పాదంలోని కండరాలన్నీ బిగుసుకుని ఉండటం వల్ల తిమ్మిరి. పాదాలు సమాంతరంగా, భుజాల వెడల్పున, బోర్డు మధ్యలోని పిడికి అటూ ఇటూ పెట్టండి. మోకాళ్లు కొంచెం వదులుగా ఉండాలి. ఇప్పుడు పది వేళ్లూ పైకెత్తి దించండి. ఐదు నిమిషాలకోసారి ఇలా చేయండి. చూపు పాదాల మీద నుంచి తీసి ఎదురుగా దూరపు గట్టు మీద నిలపండి. కిందికి చూస్తే తల వెంట ఒళ్లంతా వంగుతుంది. ఆపకుండా తెడ్డు వేస్తుండటం కూడా నిలకడే, ఎందుకంటే నీటిలో ఉన్న తెడ్డు మీకు మూడో కాలు. చాలామంది భయం వేయగానే తెడ్డు గాల్లోకి ఎత్తేసి పడిపోతారు.

నడుము సంగతికి ముందు తెడ్డు చూడండి. మీ ఎత్తుకు 20 నుంచి 25 సెంటీమీటర్లు కలపండి, అంటే 178 నుంచి 183 మధ్య. పొట్టి తెడ్డు ఉన్నవాళ్లు ప్రతిసారీ వంగాల్సిందే. రెండోది, తెడ్డు ఆకు కాడకు తిన్నగా ఉండదు, కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపు బోర్డు ముక్కు వైపు పోవాలి. నీళ్లు తోడటానికి పట్టినట్టు తమ వైపు తిప్పుకుని పట్టుకునేవాళ్లే ఎక్కువ. తీరంలో నిలబడి చూస్తే కొత్తవాళ్లలో సగం మంది అలాగే కనిపిస్తారు. చెబితే నమ్మరు కూడా.

ఇక వేయడం. పై చేయి తెడ్డు పిడి మీద, కింది చేయి కాడ మీద, రెంటి మధ్య భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ దూరం. కింది చేతి వైపు భుజాన్ని ముందుకు పంపి, మీ పాదాలకు బాగా ముందు ఆకును నీటిలోకి పూర్తిగా దించండి. ఆకు సగం మునిగిందో లేదో అప్పుడే లాగకండి. మునిగాక చేతులు కాదు, మొండెం వెనక్కి తిరగాలి. ఆకు చీలమండల దగ్గరికి రాగానే బయటికి తీసేయండి. అక్కడి నుంచి ఇంకా వెనక్కి లాగితే నీటిని పైకి ఎత్తుతారు, బోర్డు తోక కుంగుతుంది, నడుము మండుతుంది. మీ నొప్పికి అసలు కారణం ఈ పొడవాటి లాగుడే అని నా అనుమానం. బోర్డు ఒక పక్కకే తిరిగిపోతుంటే కాడ ఏటవాలుగా ఉందన్నమాట. పై చేతిని కూడా బోర్డు అంచు దాటించి కాడను నిటారుగా నిలపండి.

వీటన్నిటి తర్వాత కూడా నొప్పి కాలిలోకి పాకుతుంటే డాక్టరును చూడండి, నన్ను కాదు.

ఆంటీ అని పిలవవచ్చా? జూన్‌లో ఒక ఉదయం రుషికొండ దగ్గర సముద్రం అద్దంలా ఉంది. సరదాగా లోపలికి వెళ్లాను, వెనక్కి రావడానికి చాలా అవస్థ పడ్డాను. చేపల పడవవాళ్లు లాక్కొచ్చారు. నా బలం చాలలేదా? (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విద్యార్థిని)

పిలవవచ్చు. బలం సంగతి తర్వాత. నువ్వు చూసిన ఆ అద్దమే నిన్ను మోసం చేసింది. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీచినప్పుడు ఒడ్డు దగ్గర నీరు నునుపుగా కనిపిస్తుంది. అల లేవాలంటే గాలి నీటి మీద కొంత దూరం పరుగెత్తాలి, ఒడ్డు పక్కన ఆ దూరం ఉండదు. పైగా మన ఊరికి వెనక కొండలున్నాయి. వాటి చాటున ఉన్నంతసేపు గాలి తెలియదు, చాటు దాటగానే వీపు మీద కొడుతుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంటుంది కాబట్టి నీకు నువ్వే గొప్పగా తెడ్డు వేస్తున్నట్టు అనిపిస్తుంది. జూన్, జూలైలలో విశాఖలో ఈ పడమటి గాలి పొద్దెక్కాక కూడా ఉంటుంది. మిగతా కాలాల్లో సాధారణంగా తెల్లవారుజామున నేల గాలి, పది పదకొండు దాటాక సముద్రపు గాలి.

కాబట్టి బోర్డు దింపే ముందు జెండానో కొబ్బరాకునో చూడు. సముద్రం వైపు ఊగుతుంటే ఆ రోజు నడక. మామూలు రోజైనా మొదటి పది నిమిషాలు గాలికి ఎదురు వెళ్లు, తిరిగి రాక సులువవుతుంది.

దొరికిపోతే ఏం చేయాలి? నిలబడకు. నీ ఒళ్లే తెరచాప అవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని తెడ్డును పొట్టిగా పట్టుకో. అదీ చాలకపోతే తెడ్డును ఛాతీ కింద పెట్టుకుని బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో ఈదు. తెప్ప మీద వెళ్లే మన మత్స్యకారులు కూడా గాలి ముదిరితే కూర్చునే వేస్తారు. నువ్వు చేసిన ఒక పని చాలా బాగుంది: బోర్డు వదిలి ఈదలేదు. ఎప్పుడూ వదలకు. కాలిని బోర్డుతో కలిపే తాడు, ఒంటికి లైఫ్ జాకెట్, మెడలో నీళ్లు దూరని సంచిలో ఫోను, ఒడ్డున నీ రాక కోసం చూసే ఒక మనిషి. ఈ నాలుగూ లేకుండా సముద్రంలోకి వద్దు.

ఇంకొకటి. ఒడ్డు అలల్లో దిగేటప్పుడు బోర్డును నీకూ అలకూ మధ్య పెట్టుకోకు. అల దాన్ని తెచ్చి ముఖం మీద కొడుతుంది. పక్కన ఉంచుకుని, ముక్కు అలకు ఎదురుగా తిప్పి నడువు.

గోదావరిలో కాలికి తాడు కట్టుకోవాలా? కొందరు వద్దంటున్నారు. (రాజమహేంద్రవరం)

వద్దన్నవాళ్లే రైటు. పారే నీటిలో చీలమండకు తాడు వద్దు. ముళ్లకంప, వంతెన స్తంభం, పాత వల, ఏదో ఒకటి తాడును పట్టుకుంటుంది. ప్రవాహం మిమ్మల్ని కిందికి తొక్కుతుంటే వంగి కాలి దాకా చేయి తీసుకెళ్లలేరు. నదిలో నడుముకు కట్టే, ఒక్క లాగుతో ఊడిపోయే బెల్టు తాడు కావాలి. ఒడ్డున కళ్లు మూసుకుని ఎడమ చేత్తో, కుడి చేత్తో లాగి చూసుకోండి.

2021 అక్టోబరులో వేల్స్‌లోని హేవర్‌ఫర్డ్‌వెస్ట్ పట్టణంలో, వర్షాలకు ఉబ్బిన క్లెడౌ నదిలో ప్యాడిల్ బోర్డుల మీద వెళ్లిన ఒక బృందం చిన్న ఆనకట్ట మీదుగా పడింది. నలుగురు చనిపోయారు. అది ధవళేశ్వరం ముందు పిల్లకాలువ. మీకు దిగువన ఉన్నది ధవళేశ్వరం. అక్కడ 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, మీ హెచ్చరిక అంతకు చాలా ముందే, ఎర్రనీరు కనిపించిన రోజే. నీరు నిలకడగా ఉన్న శీతాకాలంలో కూడా బయలుదేరడం ఎప్పుడూ ఎగువకు.

నాకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నేర్చుకోవచ్చా? బ్యాలన్స్ పెరుగుతుందంటారు, నిజమేనా? (కాకినాడ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

నేర్చుకోవచ్చు, కూర్చుని మొదలుపెట్టండి. కాళ్లు ముందుకు చాపి తెడ్డును పొట్టి చేసుకుంటే మోకాలికి పని లేదు. హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల మీ తీరంలో అల తక్కువ, కానీ పడవల దారికి దూరంగా ఉండండి.

రెండో ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఆస్ట్రేలియాలోని బాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు వ్యాయామం అలవాటు లేని 13 మంది ఆరు వారాల పాటు వారానికి మూడు గంటలు బోర్డు ఎక్కారు. దమ్ము పెరిగింది, నడుము, పొట్ట కండరాలు గట్టిపడ్డాయి. బ్యాలన్స్ పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. చిన్న అధ్యయనమే అనుకోండి. అయినా బ్యాలన్స్ కోసం ఇంట్లోనే చేయండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం. నీళ్లలో పడ్డాక తిరిగి ఎక్కడం మొదటి రోజే నేర్చుకోవాలి. పక్క నుంచి మధ్య పిడి పట్టుకుని, కాళ్లు వెనక నీటి మట్టానికి తేలేదాకా తన్ని, పొట్ట మీద జారుతూ పైకి రావాలి. అది వచ్చేదాకా గట్టుకు దగ్గరలోనే.

ఆస్టిన్‌లో ఉంటాం. పిల్లాడికి పదకొండేళ్లు, ఈత బాగా వచ్చు. నడుముకు కట్టుకునే గాలి బెల్టు చాలదా? (టెక్సస్ నుంచి ఒక తల్లి)

చాలదు. తాడు లాగి, ఉబ్బాక తలకు తగిలించుకోవాల్సిన బెల్టు అది, పెద్దవాళ్ల కోసం చేసినది. అలలు విరిగే చోటు దాటితే ప్యాడిల్ బోర్డును అక్కడి కోస్ట్ గార్డు 2008 నుంచి పడవగానే లెక్కిస్తోంది. టెక్సస్‌లో చిన్న పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. మామూలు ఫోమ్ జాకెట్ వేయండి.

మేలో బోర్డును గాలితోనే డాబా మీద వదిలేశాను. ఇప్పుడు రాత్రికి రాత్రి మెత్తబడుతోంది. (విజయవాడ)

లెక్క చూడండి. 25 డిగ్రీల దగ్గర 15 పీఎస్ఐ నింపిన బోర్డు లోపలి గాలి 50 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు పదిహేడున్నరకు చేరుతుంది. విజయవాడ మే ఎండలో నల్లటి ప్యాడ్ ఉన్న బోర్డు 50 దగ్గర ఆగదు. అంచుల జిగురు కూడా ఆ వేడికి మెత్తబడుతుంది. ఇకమీదట నీడలో పెట్టండి, లేదా సగం గాలి తీసేయండి. మడిచే ముందు పూర్తిగా ఆరనివ్వండి.

ఇప్పటి లీకు కోసం బోర్డును పూర్తిగా నింపి, సబ్బు నురగను ముందు వాల్వ్ చుట్టూ, తర్వాత అంచుల వెంట రాయండి. వాల్వ్ దగ్గర బుడగలు వస్తే బోర్డుతో ఇచ్చిన ప్లాస్టిక్ స్పానరుతో బిగిస్తే సరిపోతుంది, ఎక్కువసార్లు గాలి పోయేది అక్కడే. అంచు దగ్గర వస్తే అతుకు మీరు వేయకండి, గాలి పడవలు బాగుచేసేవారికి ఇవ్వండి.