మలిసంధ్య: పాఠకుల ప్రశ్నలు – ఒక డెల్టా విడిచి మరో డెల్టాకు

ప్రశ్న: నేను వ్యవసాయ శాఖలో పనిచేసి ఎనిమిదేళ్ళ కిందట పదవీ విరమణ చేశాను. నాకు 68 ఏళ్ళు, నా భార్యకు 66. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మూడెకరాల కొబ్బరితోట, పెంకుటిల్లు, నెలకు డెబ్భై వేల లోపు పింఛను ఉన్నాయి. మా అబ్బాయి ఏడేళ్ళుగా స్పెయిన్‌లోని తరగోనాలో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు మే నెలలో వెళ్ళినప్పుడు మమ్మల్ని ఎబ్రో నది డెల్టాకు తీసుకువెళ్ళాడు. కాలువలు, నీరు పెట్టిన వరి మళ్ళు, గట్ల మీద కొంగలు చూసి నాకు నోట మాట రాలేదు. అక్కడ పోబ్లెనోవ్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకుని శేషజీవితం గడపాలని ఉంది. ఇక్కడ మా వీధిలో పన్నెండు ఇళ్ళుంటే ఏడింటికి తాళాలే. అక్కడైనా నలుగురి మధ్య బతకగలమా? – రాజోలు ప్రాంతపు పాఠకుడు

అదే కవరులో ఆయన సతీమణి రాసిన అరపేజీ కూడా ఉంది: "ఆయనకు పొలం కనిపిస్తే చాలు. నాకు మనిషి కావాలి. భాష రాని చోట నాతో మాట్లాడేదెవరు? ఈ మాట ఆయనతో అంటే కోపం వస్తుందని మీకు రాస్తున్నాను. ఇంకొక చిన్న సందేహం: అక్కడ కరివేపాకు మొక్క బతుకుతుందా?"

జవాబు: ముందుగా అయ్యగారికి. మీకు కలిగిన ఆ పులకింత ఉత్త భ్రమ కాదు. మన డెల్టా పచ్చగా మారింది 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాకనే. ఎబ్రో కుడి కాలువ 1860లోనూ, ఎడమ కాలువ 1912లోనూ వచ్చాకే అక్కడి బాడవ నేలలు వరి మళ్ళయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో మళ్ళకు నీరు పెట్టి, సెప్టెంబరులో కోతలు కోస్తారు. దెల్తెబ్రె, సంత్ జౌమె ఊళ్ళ మధ్య 2010లో వంతెన వచ్చేదాకా జనం, బళ్ళు పంటు మీదే ఏరు దాటేవారంటే, నర్సాపురం–సఖినేటిపల్లి రేవు ఎరిగిన మీకు వేరే వివరణ అక్కరలేదు. అయితే పోలిక అక్కడితో ఆగదు. ఎగువన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు నిలిచిపోవడం వల్ల ఆ డెల్టా ఏటా కుంగుతోంది, సముద్రం దాన్ని కొరుక్కు తింటోంది. 2020 జనవరిలో వచ్చిన గ్లోరియా తుఫానులో ఉప్పునీరు వేలాది హెక్టార్ల వరి మళ్ళను కప్పేసింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవారికి ఈ సంగతి మరొకరు చెప్పాలా? దోమలు కూడా మన దోమలకు తీసిపోవు.

ఇక అనుమతుల సంగతి. ఇక్కడ మీ పింఛనే మీకు రెండు విధాల అడ్డు వస్తుంది. ఉద్యోగం చేయకుండా సొంత ఆదాయంతో స్పెయిన్‌లో నివసించేవారికి ఇచ్చే వీసాకు, ఐప్రెమ్ అనే ప్రభుత్వ ఆదాయ సూచికకు నాలుగు రెట్ల ఆదాయం చూపాలి. ఆ సూచిక నెలకు 600 యూరోలు కనుక మీకు 2,400, భార్య కోసం మరో 600, వెరసి నెలకు 3,000 యూరోలు, అంటే ఏడాదికి 36,000 యూరోలు కావాలి. యూరో వంద రూపాయలనుకున్నా అది 36 లక్షలు. మీ పింఛను ఏడాదికి ఎనిమిదిన్నర లక్షలు దాటదు కాబట్టి, తక్కిన మొత్తాన్ని పొదుపులో చూపవలసి వస్తుంది. మొదటి అనుమతి ఒక ఏడాదికి, తరువాత రెండేసి ఏళ్ళకు. పొడిగించినప్పుడల్లా ఆ రెండేళ్ళకూ సరిపడా మొత్తాన్ని మళ్ళీ చూపాలి. పోనీ కొడుకు మీద ఆధారపడిన తల్లిదండ్రులుగా వెళదామంటే, అబ్బాయికి దీర్ఘకాలిక నివాస అనుమతి ఉండాలి, మీకు 65 ఏళ్ళు దాటి ఉండాలి. ఆ రెండూ కుదిరినా, మీరు నిజంగా అతని సంపాదన మీదే బతుకుతున్నారని రుజువు చేయాలి. పింఛను, కొబ్బరితోట ఉన్న మనిషి ఆ మాట కాగితం మీద నిరూపించడం సులువు కాదు. ధనవంతుడిగా వెళ్ళడానికి చాలని పింఛను, దిక్కులేనివాడిగా వెళ్ళడానికి ఎక్కువైందన్నమాట. ఇల్లు కొంటే నివాస అనుమతి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆస్తి కొన్నవారికి ఇచ్చే వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో రద్దు చేసింది.

ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ ఉంటే, మన దేశంలోని ఆదాయంతో సహా మీ మొత్తం ఆదాయం అక్కడి పన్నుల శాఖ లెక్కలోకి వస్తుంది. విదేశాల్లోని ఆస్తులు ఒక్కో రకానికి 50,000 యూరోలు దాటితే వాటి వివరాలు ప్రకటించాలి. ఒకే ఆదాయం మీద రెండు చోట్ల పన్ను పడకుండా ఇరు దేశాలకు ఒప్పందం ఉంది కనుక కంగారు పడనవసరం లేదు గానీ, బయలుదేరే ముందే తెలిసిన ఆడిటరును కలవండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలా పంపుతారో కూడా ఖజానా కార్యాలయంలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

వైద్యం విషయంలో మొదటి ఏడాది ప్రైవేటు బీమా తప్పనిసరి. ఏడాది నివాసం పూర్తయ్యాక, 65 దాటినవారు నెలకు 157 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరవచ్చు, మందుల ఖర్చు మాత్రం మీదే. పెద్దాసుపత్రి తొర్తోసాలో ఉంది. అక్కడికి కారు ఉంటేనే సుఖం. మన లైసెన్సును స్పెయిన్ మార్చి ఇవ్వదు. నివాసం మొదలైన ఆరు నెలల తరువాత మీరు మళ్ళీ పరీక్ష రాసి, బండి నడిపి చూపాలి. ఈ వయసులో మళ్ళీ ప్రశ్నపత్రం ముందు కూర్చునే ఓపిక ఉందో లేదో మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు అమ్మగారికి. అమ్మా, అసలు ప్రశ్న మీరే వేశారు. దానికి నా చిన్న అనుభవం ఒకటి చెబుతాను. ఏడేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ డెల్టాలోనే మూడు వారాలున్నాను. మొదటి రోజు ఉదయం రొట్టెల దుకాణానికి వెళితే లోపల వరుస అంటూ లేదు. బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, గుమ్మం బయట ఒక పెద్దాయన కుక్క గొలుసు పట్టుకుని నిలుచున్నాడు, ఇద్దరు కిటికీ దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఎవరూ కొనడం లేదు కదా అని నేను నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళి రొట్టె చూపించాను. ఎవరూ నన్ను కసురుకోలేదు; మాటలు మాత్రం ఠక్కున ఆగిపోయాయి. ఇంటికి వచ్చాక మా అమ్మాయి చెప్పింది, అక్కడ లోపలికి వెళ్ళగానే అందరికీ వినబడేలా "బోన్ దీయా" అని పలకరించి, "కీ ఎస్ లుల్తిమ్?" అని అడగాలట. ఆఖరున ఉన్నదెవరు అని ఆ ప్రశ్నకు అర్థం. మన రేషన్ దుకాణం ముందు సంచో, రాయో పెట్టి చెట్టు నీడకు పోతాం చూడండి, అక్కడ ఆ రాయి పని మాట చేస్తుంది. మర్నాడు వెళ్ళి అలాగే అడిగాను. గుమ్మం బయటి పెద్దాయన వేలెత్తి "జో" అన్నాడు, నేనే అని. రెండు నిమిషాలకు ఒకావిడ గోధుమపిండి అంటిన చేతిసంచితో వచ్చి అదే ప్రశ్న వేసింది. అందరూ నా వైపు చూశారు. "జో" అన్నాను. ఆ ఊళ్ళో ఎవరో అడిగితే నేను ఇచ్చిన మొదటి జవాబు అది. మూడో వారానికి ఆ పెద్దాయన కుక్క పేరు నాకు తెలుసు, మా అమ్మాయికి జలుబు తగ్గిందా అని దుకాణంలో ఆవిడ నన్ను అడిగేది. నాకు వచ్చిన మాటలు ఇరవై దాటవు.

కాబట్టి భాష లేకుండా కుదరదు కానీ, భాషంతా రానక్కరలేదు. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: అక్కడ ఇళ్ళలో వినిపించేది స్పానిష్ కాదు, కటలాన్. అందులోనూ ఎబ్రో వాళ్ళ యాస వేరు. ఇంగ్లీషు "ది" లాంటి మాటను బార్సిలోనా వాళ్ళు "ఎల్" అనే చోట వీళ్ళు "లో" అంటారు, మాటకు ముందో వెనకో "షెఇక్" అని తగిలిస్తారు. మన "ఆయ్" విని హైదరాబాదు వాళ్ళు మనల్ని గుర్తుపట్టినట్టే, "షెఇక్" విని వాళ్ళను పట్టేస్తారు. మీరు ఆ ఒక్క మాట సరైన చోట అంటే చాలు, ఎదుటివారి ముఖం విప్పారుతుంది. కొత్తవారికి కటలాన్ నేర్పడానికి ప్రభుత్వ సంస్థ తరగతులు నడుపుతుంది. వాటికి తోడు, భాష వచ్చిన ఒక స్థానికుణ్ణి నేర్చుకునేవారితో జతచేసి పది గంటలు ఊరికే కబుర్లు చెప్పుకోమనే పథకం ఒకటి 2003 నుంచీ ఉంది. నాకు తరగతుల కన్నా ఇదే గొప్పగా తోచింది. పది గంటలు కూర్చోబెట్టి మాట్లాడించే మనిషిని ప్రభుత్వమే వెతికిపెడుతుందంటే, మన పక్క వీధిలో కూడా అంత సులువుగా దొరకదు.

మన అరుగు మీది కబుర్ల వంటి విషయం కూడా ఒకటి చెప్పాలి. వేసవి సాయంత్రాలు, ఎండ తగ్గాక, స్పెయిన్ పల్లెల్లో కుర్చీలు వీధిలోకి తెచ్చి వేసుకుని రాత్రి భోజనం దాకా కబుర్లాడుకోవడం పాత అలవాటు. దక్షిణాదిన కాదిస్ ప్రాంతంలోని ఆల్గర్ అనే చిన్న ఊరు, ఈ వీధి కబుర్లను మానవజాతి వారసత్వంగా గుర్తించమని 2021లో యునెస్కోను కోరే ప్రయత్నం మొదలుపెట్టింది. అలవాటు బలంగా ఉన్న చోట దాన్ని కాపాడమని ఎవరూ అర్జీ పెట్టరు కదా. అక్కడా టీవీలు, ఫోన్లు అరుగుల్ని తినేస్తున్నాయనే దాని అర్థం. అలాగే, ఖాళీ ఇళ్ళు మన కోనసీమకే సొంతమని అనుకోవద్దు. దేశం లోపలి పల్లెలు వెలవెలబోతున్నాయని స్పెయిన్ గ్రామీణులు వేలాదిగా 2019 మార్చి 31న మాద్రిద్‌లో ఊరేగింపు తీశారు. తాళాల వీధి నుంచి పారిపోయి మరో తాళాల వీధిలో దిగకుండా చూసుకోవాలి. ఆ లెక్కన పోబ్లెనోవ్ మంచి ఎంపికే. 1950లలో వరి సాగు కోసం కుటుంబాలను తెచ్చి నిలిపిన ఊరది. అక్కడి పెద్దలకు తమ ఇంట్లో ఎవరో ఒకరు సామాను బండితో కొత్తగా దిగిన రోజు గుర్తుంటుంది. అయితే మరీ చిన్నది. మీకు మనిషి కావాలి కనుక, మూడున్నర వేల జనాభా ఉన్న సంత్ జౌమె మీకు మేలని నా అభిప్రాయం. అయ్యగారు గట్టు మీదికి నడవడానికి అక్కడి నుంచీ పొలం దగ్గరే.

ఆయన కోసం ఒక పని కూడా ఉంది. అక్కడ ఇప్పుడు ఎక్కువగా విత్తనం వెదజల్లడమే గానీ చేత్తో నాట్లు వేయరు. అందుకే ప్రతి జూనులో పాత పద్ధతిలో నాటు వేసి చూపే పండుగ, సెప్టెంబరులో కొడవలితో కోసి చూపే పండుగ జరుపుకుంటారు. పొలాల్లో జీవితమంతా గడిపి, మారుటేరు స్వర్ణను మళ్ళలోకి దింపిన తరం మనిషి ఆ పండుగకు ప్రేక్షకుడిగా వెళ్ళడం నాకు నచ్చదు. ప్యాంటు మడిచి మడిలోకి దిగమనండి. పదవీ విరమణ చేసినవారి సంఘ భవనంలో జంటలుగా కూర్చుని నలుగురు ఆడే పేకాట కూడా ఉంటుంది. ఒకరు రాకపోతే ఆట ఆగిపోతుంది కనుక, ఆయన రాకపోతే కబురు పంపేవాళ్ళు ఏర్పడతారు. మన ఊళ్ళ భజన బృందాల్లో తాళం వాయించే ఆవిడ రాని రోజున ఏం చేస్తారో గుర్తుచేసుకోండి, అదే.

ఇద్దరిలో ఒకరు ముందు వెళ్ళిపోతే ఏమిటన్నది మీరిద్దరూ రాయలేదు, కానీ రెండు ఉత్తరాల కిందా ఆ భయం ఉంది. ఆ ఊళ్ళలో చావు కబురు గోడ మీద కాగితం అంటించి, చర్చి గంట కొట్టి చెబుతారు. మనుషులు వస్తారు, ముఖం తెలియనివారు కూడా వచ్చి చేయి పట్టుకుంటారు. దహనానికి వీలుంది. అస్థికలు అంతర్వేదికి చేరాలా, ఎబ్రో సముద్రంలో కలిసే చోటే కలపాలా అన్నది మాత్రం మీ ముగ్గురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవలసిన మాట. అబ్బాయిని ఆ రోజు నిర్ణయించమనడం అన్యాయం.

ఇప్పటికి నేను చెప్పేది ఒకటే: తోట అమ్మవద్దు. పర్యాటక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండవచ్చు కాబట్టి, వచ్చే ఏడాది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అద్దె ఇంట్లో ఉండి చూడండి. మే నెలలో ఆ డెల్టాను చూసి మనసు పడనివారుండరు. శీతాకాలంలో మళ్ళు పచ్చదనం లేక బురద తేలి ఉంటాయి, ఎగువ నుంచి వీచే "వెంత్ దె దాల్త్" గాలి వారాల తరబడి తలుపులు కొడుతుంది, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు వీధిలో పిల్లి కూడా కనబడదు. ఆ మూడు నెలల్లో మీ పేరు పెట్టి పిలిచేవారు ఇద్దరైనా ఏర్పడితే, అప్పుడు కాగితాల సంగతి ఆలోచించవచ్చు.

కరివేపాకు బతుకుతుందమ్మా, కానీ ఇక్కడి మొక్కను వెంట తీసుకువెళ్ళవద్దు. అది నారింజ కుటుంబపు మొక్క, ఆ ప్రాంతంలో నారింజ తోటలు ఎక్కువ, దాని చీడ వాటికి సోకుతుందన్న జాగ్రత్తతో ఐరోపాలోకి ధ్రువపత్రం లేని మొక్కను విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. అక్కడి నర్సరీల ద్వారా తెప్పించి కుండీలో వేసుకోండి. నవంబరు చివర్లో లోపల ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి, నీళ్ళు తగ్గించి, ఆకు రాలినా దిగులుపడకుండా మార్చి దాకా ఆగండి. మళ్ళకు నీరు వదిలే వేళకు అదీ చిగురుస్తుంది.