యాంకరింగ్ కోర్సుకు 80 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది. డిబేట్లే ఎక్కువుండే కొత్త న్యూస్ చానల్ వస్తోందట. మూడు నెలల కోర్సు చేస్తే యాంకర్‌గా తీసుకుంటారట, ఫీజు 80 వేలు. చూడ్డానికి బాగుంటది గానీ మాట్లాడితే మన యాస వస్తది. ఇది మంచిదా, ఓయూలో ఎంఏ జర్నలిజమా?

జవాబు: ఆ 80 వేలు జేబులోనే ఉంచండి. ఉద్యోగమిచ్చేవాళ్లు జీతమిస్తారు, ఫీజు అడగరు. రేపు ‘లోగో, ఐడీ కార్డు ఇస్తాం, డిపాజిట్ కట్టండి’ అన్నా ఇదే మాట.

డిబేట్ చానల్ లెక్క వేరు. ఊరూరా రిపోర్టర్‌ను, కెమెరామన్‌ను పెట్టడం కన్నా ఒక స్టూడియో, తెర మీద ఆరు కిటికీలు చవక. అంటే యాంకర్ కుర్చీలు ఒకటో రెండో. కొత్తగా చేరినవాళ్లకు దక్కేది గెస్టులకు ఫోన్లు చేయడం, స్క్రోలింగ్ రాయడం, బైట్లు (మాట్లాడినవాళ్ల వీడియో ముక్కలు) కట్ చేయడం. తప్పుడు పనులేం కావు, కోర్సువాళ్లు మీకు చూపిస్తున్నవి మాత్రం ఇవి కావు.

ఆర్భాటాన్ని అసలే నమ్మకండి. 2017 మే 6న రిపబ్లిక్ టీవీ మొదలైంది, తొలి వారమే రేటింగుల్లో పైకొచ్చింది. రేటింగు పెంచుకోడానికి కేబుల్ జాబితాలో ఆ ఒక్క చానల్‌నే రెండు మూడు నంబర్లలో పెట్టారని పోటీ చానళ్లు నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఫిర్యాదు చేశాయి. 2020 అక్టోబర్‌లో రేటింగుల గోల్‌మాల్ ఆరోపణలతో అన్ని చానళ్ల న్యూస్ రేటింగులే ఆపేశారు, 2022 మార్చి దాకా రాలేదు. ఆ రిపబ్లిక్ పెట్టిన యాంకర్ అర్ణబ్ గోస్వామి కూడా 1995లోనే ఎన్డీటీవీలో చేరిన మనిషి. ఇరవై ఏళ్ల పనిని మూడు నెలల్లో ఎవరమ్ముతారు?

ఇక మీ సంగతి. అమ్మాయి రూపం రాశారు, యాస రాశారు, ఏం చదువుతుందో, ఏం రాయగలదో ఒక్క ముక్క లేదు. తెలిసినవాళ్లెవరూ లేరు, డబ్బైనా కట్టకపోతే ఎట్లా అన్నదే కదా మీ దిగులు? యాస గురించైతే నిశ్చింతగా ఉండండి. వీ6లో తెలంగాణ యాసలోనే వార్తల కార్యక్రమాలు నడుస్తున్నాయి. వార్తలు రాసి దిద్దే డెస్క్‌లో అడిగేది వాక్యం తప్పు లేకుండా, టైముకు ఇచ్చావా అని.

ఎంఏకే పంపండి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ వివరాలు కాలేజీలో చెబుతారు.

ఈలోగా ఫోన్, కాలర్ మైకు చాలు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం దగ్గరి దోమలపెంట వైపు ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. తప్పెవరిదని స్టూడియోలో ఎవరైనా అరవగలరు. మూతి నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల కూలిందని, అందుకే బురద, నీళ్లు దాటి చేరడం కష్టమైందని 90 సెకన్లలో చెప్పమనండి. ఆ సొరంగం రెండో మూతి మీ దేవరకొండ వైపే, వెళ్లి ఊళ్లోవాళ్లతో మాట్లాడి రమ్మనండి. అట్లాంటివి పది చేశాక చానళ్ల డెస్క్‌కు పంపొచ్చు. రికార్డు చేసేటప్పుడు మాత్రం పక్కన నిలబడి యాస దిద్దకండి.