రోడ్స్ దీవి: ఏ గోడ ఎప్పటిది, ఏ తీరంలో గాలి ఎటు

గ్రీసు దీవి రోడ్స్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్ర: రోడ్స్ పాత పట్టణంలోని గ్రాండ్ మాస్టర్ కోట మధ్యయుగాల నాటిదని ఒకరు, ఇటలీవాళ్లు వేసిన సెట్టింగని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? మాకున్నది ఒక్క రోజు. పాత పట్టణంలో ఏవి వదలకూడదు?

జ: ఇద్దరూ చెరో సగం చెప్పారు. సెయింట్ జాన్ నైట్స్ అనే యోధ సన్యాసులు 1309 నుంచి 1522 దాకా దీవిని ఏలారు. వాళ్ల పెద్ద పేరు గ్రాండ్ మాస్టర్, ఈ కోట ఆయన నివాసం. తుర్కుల కాలంలో అది జైలుగా మారి పాడుబడింది. 1856లో పక్క చర్చి కింద నిలవ ఉన్న తుపాకిమందు పేలి చుట్టుపక్కల కట్టడాలన్నీ దెబ్బతిన్నాయి. 1912లో దీవిని పట్టుకున్న ఇటలీ 1937-40 మధ్య కోటను తిరగకట్టించింది. పై అంతస్తు గదులన్నీ ఆ కట్టుబడే. నేలమీది మొజాయిక్‌లు నిజంగా ప్రాచీనమైనవే గానీ ఈ ఊరివి కావు, కోస్ దీవి నుంచి తెచ్చి పరిచారు. అందరూ ఫొటో తీసుకునే మెడూసా (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న రాక్షసి) తల బొమ్మ కూడా అలా వచ్చిందే.

అందుకే మా మాట వింటే కోటకు గంట చాలు, మిగతా పూట ప్రాకారానికి ఇవ్వండి. దాదాపు 4 కిలోమీటర్ల గోడ ఊరిని చుట్టి ఉంది. దాని బయటి అగడ్తలో ఎప్పుడూ నీళ్లు లేవు, మొదటినుంచీ పొడి కందకమే. టికెట్ లేకుండా దిగి నడవొచ్చు. అక్కడ గడ్డిలో గుండ్రటి రాతి గుండ్లు ఇప్పటికీ పడి ఉంటాయి. 1480లో తుర్కుల ముట్టడిని నైట్స్ తట్టుకున్నారు. ఇకమీద ఫిరంగుల కాలమని తెలిసొచ్చి గోడలను ఇంకా మందం చేశారు. 1522లో సుల్తాన్ సులేమాన్ స్వయంగా వచ్చి ఆరు నెలలు ముట్టడించాడు. లొంగిపోయిన నైట్స్ 1523 జనవరి 1న ఓడలెక్కి వెళ్లిపోయారు. కందకంలో నడుస్తూ తలెత్తి చూస్తే గోడలో చెక్కిన వంశచిహ్నాలు కనిపిస్తాయి. నైట్స్ పలు దేశాలవాళ్లు, ఏ దేశపువాళ్లు ఏ భాగం కాపలా కాయాలో ముందే పంచుకున్నారు మరి.

నైట్స్ వీధి అంత తిన్నగా ఎందుకుందో గైడ్లు అందరూ చెప్పరు. దాని కింద ఉన్నది క్రీ.పూ. 408 నాటి దారి. లిండోస్, ఇయాలిసోస్, కమీరోస్ అనే మూడు ఊళ్లు కలిసి ఆ ఏడు కొత్త నగరం కట్టుకున్నప్పుడు వీధులను గళ్ల నుడికట్టులా గీశారు. నైట్స్ ఆ గీత మీదే ఇళ్లు లేపారు. వీధి దిగువన ఉన్న 15వ శతాబ్దపు ఆసుపత్రి ఇప్పుడు పురావస్తు మ్యూజియం. మోకాళ్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకునే చిన్న పాలరాతి ఆఫ్రొడైటీ దేవత విగ్రహం అక్కడే ఉంది.

యూదుల పేట వైపూ ఒకసారి నడవండి. 1577 నాటి కహల్ షాలోమ్ ప్రార్థనా మందిరం గ్రీసులో ఇప్పటికీ వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఆ పేటవాళ్లను 1944 జులైలో నాజీలు ఆష్‌విట్జ్‌ మరణ శిబిరానికి తరలించారు. తిరిగొచ్చినవాళ్లు బహు కొద్దిమంది.

సందుల్లో గులకరాళ్లను నిలువుగా గుచ్చి పరిచారు. పలచటి చెప్పులతో తిరిగితే సాయంత్రానికి అరికాళ్లు చెబుతాయి. రబ్బరు అడుగు ఉన్న బూట్లే వేసుకోండి.

ప్ర: రోడ్స్‌లో ప్రాచీన కాలంలో ఉన్న పెద్ద కంచు విగ్రహం కొలోసస్ కాళ్లు మాండ్రాకి రేవుకు అటొకటి ఇటొకటి పెట్టుకుని నిలబడేదట. ఆ చోటు చూడొచ్చా?

జ: రేవు మూతి దగ్గర స్తంభాల మీద కంచు జింకలు రెండున్నాయి. కాళ్లు అక్కడే ఉండేవని చెబుతారు, నమ్మకండి. కాళ్లు చాపిన బొమ్మ మధ్యయుగాల ఊహ. అంత ఎత్తు కంచు విగ్రహం అలా నిలబడదు. పైగా కట్టినన్నాళ్లూ రేవు మూసేయాలి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేరే ఉంది: భూకంపానికి కూలాక అది నేలమీదే పడి ఉందని, బొటనవేలిని చేతులతో చుట్టగలవాళ్లు కొద్దిమందేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రేవుకు అడ్డంగా నిలబడి ఉంటే నీళ్లలో పడేది కదా! క్రీ.పూ. 305-304లో మాసిడోనియా సేనాని దిమెట్రియస్ ముట్టడి విఫలమై వదిలేసి పోయిన యంత్రాలు అమ్మిన సొమ్ముతో, లిండోస్ శిల్పి ఖారెస్ 12 ఏళ్లలో చేసిన సూర్యుడి విగ్రహం అది. ఎత్తు సుమారు 33 మీటర్లు. క్రీ.పూ. 226 ప్రాంతంలో పడింది. ఎక్కడ నిలబడిందో ఇంతవరకు తేలలేదు, చూడటానికి ముక్క కూడా మిగల్లేదు.

ప్ర: మా అమ్మగారికి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. లిండోస్ కొండ మీది గుడి ఎక్కగలరా? గాడిదల మీద తీసుకెళ్తారని విన్నాం.

జ: వద్దనే చెబుతాం. కొండ ఎత్తు 116 మీటర్లే గానీ, గాడిదలు టికెట్ గేటు దరిదాపుల వరకే వెళ్తాయి. అసలు మెట్లు ఆ తర్వాత మొదలవుతాయి. నైట్స్ కట్టిన నిటారు మెట్ల వరుస, దాని పైన స్తంభాల మండపం, ఇంకో మెట్ల దారి, చివరన ఎథీనా దేవత గుడి. లక్షల పాదాలు నున్నగా చేసిన రాయి కాబట్టి ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. నీడ అసలే ఉండదు. 100 కిలోలకు గానీ, జంతువు బరువులో ఐదో వంతుకు గానీ మించి మోయించకూడదని గ్రీసులో 2018 నుంచి నిబంధన ఉంది. గాడిద ఎక్కేముందు అదీ గుర్తుంచుకోవాలి.

అమ్మగారిని ఊళ్లోని పనాగియా చర్చిలో కూర్చోబెట్టండి. నేలంతా నలుపు తెలుపు గులకరాళ్ల ముగ్గు, గోడల నిండా చిత్రాలు. కార్లను ఊళ్లోకి రానివ్వరు, పైన నిలిపి దిగి నడవాలని ముందే చెప్పండి. మీరు మాత్రం గేటు తెరిచే వేళకే ఎక్కేయండి, ఓడల్లో వచ్చినవాళ్ల బస్సులు ఆ తర్వాత దిగుతాయి. నైట్స్ మెట్ల మొదట్లో కొండరాతిలోనే చెక్కిన యుద్ధనౌక వెనుక భాగం ఉంటుంది, క్రీ.పూ. 2వ శతాబ్దిది. పైన గుడి చూడాలన్న తొందరలో సగంమంది దాన్ని దాటి పోతారు. గుడి స్తంభాలకు ఇటలీవాళ్లు ఇనుప కడ్డీలు, కాంక్రీటు పెట్టి నిలబెట్టారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బడంతో రాళ్లు పగిలాయి. తర్వాత వాటిని విప్పి మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

ప్ర: ఆగస్టులో పిల్లలతో వెళ్తున్నాం. పడమటి తీరంలో ఇక్సియాలో హోటల్ చవగ్గా దొరికింది. తీసుకోవచ్చా?

జ: నిద్రకైతే తీసుకోండి, ఈతకు కాదు. జులై, ఆగస్టుల్లో వాయవ్యం నుంచి మెల్తెమీ అనే గాలి వీస్తుంది, మధ్యాహ్నం తర్వాత మరీ ఎక్కువ. పడమటి తీరం దానికి ఎదురుగా ఉంది: గులకరాళ్లు, అలలు. విండ్ సర్ఫింగ్ వాళ్లకు పండగే, పిల్లలకు కాదు. తూర్పు తీరానికి కొండల చాటుంది. త్సాంబికాలో మెత్తటి ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది. చిన్నపిల్లలకు అదే మొదటి మాట. ఫలిరాకి పొడవైన ఇసుక తీరమే గానీ గోల ఎక్కువ. ఆంథొనీ క్విన్ బే అందమంతా రాళ్లలోనూ నీటి కింది చేపల్లోనూ ఉంది, కూర్చోవడానికి ఇసుక పెద్దగా లేదు.

తూర్పు తీరంలో ఒక మోసముంది. గాలి నేల మీదినుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. గాలి నింపిన పరుపు మీద పిల్లవాడిని వదిలితే అలజడి లేకుండానే లోపలికి కొట్టుకుపోతాడు. ఒడ్డు నుంచి దూరమయ్యేకొద్దీ గాలి బలం పెరుగుతుంది. పరుపులు హోటల్ కొలనుకే ఉంచండి.

బస్సులు రెండు వేర్వేరు సంస్థలవి, తూర్పుకొకటి, పడమటికొకటి. ఇక్సియా నుంచి త్సాంబికా వెళ్లాలంటే రోడ్స్ పట్టణంలో దిగి మారాలి. కారు తీసుకుంటే ఇండియా లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మట్టిరోడ్డు మీద టైరు, కారు అడుగుభాగం దెబ్బతింటే బీమా సాధారణంగా వర్తించదు.

ప్ర: సీతాకోకచిలుకల లోయ పిల్లలకు నచ్చుతుందా?

జ: పెతలూదెస్‌ అనే ఆ లోయలో ఉండేవి నిజానికి ఒక జాతి చిమ్మటలు. వేసవిలో చెట్ల నీడన వేలల్లో వాలతాయి. వాలినప్పుడు గోధుమరంగు బెరడులా కలిసిపోతాయి, ఎగిరితేనే ఎర్రటి లోరెక్కలు కనిపిస్తాయి. అందుకే కొందరు చప్పట్లు కొట్టి లేపుతారు. ఆ కాలంలో అవి తిండి తినవు, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే గుడ్లు పెట్టేదాకా బతకాలి. లేపిన ప్రతిసారీ అది కరిగిపోతుంది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ప్ర: శాకాహారులం. ఏం తినాలి?

జ: పితరూదియా అడగండి. సెనగలు, ఉల్లి, పుదీనాతో చేసిన ఈ దీవి వడలు. మెలెకూని అంటే తేనె కలిపిన నువ్వుల పట్టీ, మన చిమ్మిలికి దూరపు చుట్టం. "నిస్తీసిమో" అంటే ఉపవాస వంట, మాంసం, పాలు లేనిది. అయితే రొయ్యలు, ఆక్టోపస్ వాళ్ల ఉపవాసానికి అడ్డం రావు, కాబట్టి ఆ మాటొక్కటే నమ్మి ఆర్డరివ్వకండి.

ప్ర: రోడ్స్ నుంచి ఒక రోజు టర్కీలోని మార్మరిస్ వెళ్లి రావచ్చా?

జ: మీ షెంగెన్ (గ్రీసుతో సహా పలు యూరప్ దేశాల ఉమ్మడి) వీసా ఒకసారి ప్రవేశానిదైతే వెళ్లకండి. పడవెక్కగానే షెంగెన్ దాటినట్టు నమోదవుతుంది, సాయంత్రం తిరిగి రానివ్వరు. రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు ప్రవేశించే వీసా ఉంటేనే ఆలోచించండి. టర్కీ వీసా వేరు. ఒక రోజు పడవ ప్రయాణమే కావాలంటే సీమీ దీవికి వెళ్లండి. అదీ గ్రీసే కాబట్టి సరిహద్దు గొడవ లేదు. రేవు చుట్టూ కొండకు అంటిపెట్టుకున్న రంగురంగుల ఇళ్లను చూడటానికి పడవ ఎడమ, కుడి రెండు వైపులా జనం ఎగబడతారు. ఎక్కగానే పై అంతస్తులో చోటు పట్టుకోండి.