ఆయిల్ లైట్ వెలుగుతోంది, వారంటీ వర్తించదంటున్నారు

ప్రశ్న: మాది ఖమ్మం. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో 9.6 లక్షలకు పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ మూడేళ్ళు. బండి బాగా వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ ప్రెషర్ లైట్ వెలుగుతోంది. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు సెన్సర్ మార్చి డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు ఇంజన్ విప్పాలి, 1.4 లక్షలవుతుంది అంటున్నారు. ఒక సర్వీసు ఆలస్యంగా చేయించానని వారంటీ కూడా లేదన్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ముందు ఇంజన్ విప్పనివ్వకండి. విప్పాక ఆయిల్ ప్రెషర్ ఎంత ఉండేదో ఎవరూ నిరూపించలేరు, మీ కేసంతా ఆ ఒక్క అంకె మీదే ఉంది. లైట్ వెలుగుతుండగా నడపకండి కూడా. బేరింగులు పోతే తప్పు మీ మీదికి తోస్తారు.

ఆయిల్ మట్టం, గ్రేడ్ సరిచూశాక సెన్సర్ ఊడదీసి, అదే రంధ్రంలో ప్రెషర్‌ను నేరుగా కొలిచే మెకానికల్ గేజీ బిగించి చూడమని రాతపూర్వకంగా అడగండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో (బండి ఆగి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఎంత, 2000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 2000 చుట్ల ఇంజన్ వేగం) దగ్గర ఎంత అన్నది జాబ్‌కార్డులో (సర్వీస్ సెంటర్ పని వివరాలు రాసే కాగితంలో) రాయించండి. పక్కనే కంపెనీ మాన్యువల్‌లోని అంకె ఉండాలి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ప్రింటవుట్ సంతకంతో తీసుకోండి: పి0520 నుంచి పి0523 దాకా కోడ్‌లు సెన్సర్, దాని సర్క్యూట్ వైపు చూపిస్తాయి, పి0524 అంటే ప్రెషరే తక్కువని. తీసేసిన పాత సెన్సర్లు కూడా అడిగి దాచుకోండి.

గేజీ ఏం చూపినా మీకు పనికొస్తుంది. ప్రెషర్ సరిగ్గా ఉంటే లోపం వైరింగ్‌లోనో కనెక్టర్‌లోనో సెన్సర్‌లోనో ఉన్నట్టు, ఇంజన్ విప్పే పనే లేదు. తక్కువ ఉంటే ఆయిల్ పంపో, స్ట్రెయినరో (ఆయిల్ వడకట్టే జల్లెడ), బేరింగులో చూడాలి. అప్పుడు గేజీ పెట్టకుండా రెండుసార్లు సెన్సర్ మార్చడం సేవాలోపమే. వేడెక్కాక ఐడిల్‌లో మాత్రమే వెలగడం నిజంగానే ప్రెషర్ పడిపోయిందనడానికి బలమైన సూచన, మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతే.

సర్వీసు ఆలస్యం మాటకొస్తే, ఏ షరతు ప్రకారం వారంటీ నిరాకరిస్తున్నారో, ఆ ఆలస్యం వల్లే ఈ లోపం ఎలా వచ్చిందో రాసిమ్మనండి. నోటిమాట ఒప్పుకోవద్దు. తర్వాత డీలర్‌కూ తయారీ కంపెనీకీ లీగల్ నోటీసు పంపండి.

దారికి రాకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం కొన్న ఊరు ఏదైనా, మీరు నివసించే చోట వేసుకోవచ్చు. మీ కారు ధరకు ఫీజు 200 రూపాయలే. సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంది కాబట్టి మొదటి సెన్సర్ బిల్లు తేదీ చూసుకోండి. సెక్షన్ 38 కింద కారును నిపుణుల పరీక్షకు పంపమని అడగండి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి.

కొత్త కారు ఇప్పించమని మాత్రం పట్టుపట్టకండి. దానికి తయారీలోపం నిపుణుడి నివేదికతో రుజువు కావాలి. ఉచిత మరమ్మతు, సెన్సర్ల డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు అడిగితే తేలిగ్గా నిలబడుతుంది.