ఫ్రెడెరిక్స్‌బర్గ్ వెళ్తున్న మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శనివారం మీ అత్తమామలను నువ్వే కారు నడిపి టెక్సస్‌లో ఆస్టిన్ నుంచి ఫ్రెడెరిక్స్‌బర్గ్ తీసుకువెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నిరుడు లైసెన్సు పరీక్షకు వణికిన పిల్ల ఎనభై మైళ్లు నడపబోతోందంటే గర్వంగానే ఉంది; రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పొద్దున్నే బయలుదేరు. ఎన్‌చాంటెడ్ రాక్ నీడ లేని గ్రానైటు కొండ, మీ మామగారి మోకాళ్లకు వద్దు. అక్కడి జర్మన్ హోటళ్లలో సాసేజీలే ఎక్కువ కనుక మీ అత్తగారికి పులిహోర కట్టుకెళ్లు. మెయిన్ స్ట్రీట్ అంత వెడల్పేమిటని అడిగితే, 1846లో వచ్చిన జర్మన్ వలసదారులు ఎడ్లబండి తిప్పుకోవడానికి వీలుగా వేసుకున్నారని చెప్పు. ఎనిమిది మూలల పాత చర్చి, ఫెరైన్స్ కిర్షె చూపించు; 1847 నాటి అసలు కట్టడం పోయింది, ఇది 1930లలో తిరిగి కట్టినది. సముద్రానికి అంత దూరాన పసిఫిక్ యుద్ధ మ్యూజియం ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ పుట్టిన ఊరది.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన సంగతి. మీ బావకు నాలుగేళ్లప్పుడు, ఒక జూన్ రాత్రి, దగ్గర దారి కదా అని ఆ ఊరి నుంచి రాంచ్ రోడ్డు అనే ఒక పల్లెదారి పట్టాను. మా నెత్తిన వాన లేదు, నక్షత్రాలు కూడా కనిపిస్తున్నాయి. ఒకచోట వంతెన లేకుండా రోడ్డే వాగులోకి దిగింది. దాని మీదుగా మట్టినీళ్లు పారుతున్నాయి. పక్కన లోతు చూపే కొలపట్టీ మీద ఒకటో అడుగు గీత ఇంకా మునగలేదు. మున్నేరు ఒడ్డున పుట్టినవాణ్ణి, ఇదీ ఒక వాగేనా అనుకున్నాను. మీ అత్తయ్య వద్దంది, వినలేదు. నాలుగు గజాలు వెళ్లామో లేదో స్టీరింగు చేతిలో తేలికైపోయి, కారు ముందుకు కాక పక్కకు జరిగింది. తలుపు కింద నుంచి నీళ్లొచ్చి, మీ అత్తయ్య కాళ్ల దగ్గర పెట్టుకున్న కాగితపు సంచి చిరిగి, పీచ్ పళ్లు ఆమె పాదాల చుట్టూ తేలాయి. వెనక నుంచి మీ బావ “నాన్నా, మనది పడవా?” అని సంబరంగా అడిగాడు. చక్రాలు మళ్లీ నేలను అందుకోబట్టి రివర్సులో బయటపడ్డాము.

అక్కడి సున్నపురాతి మీద మట్టి పల్చన. ఎగువన ఎక్కడో కురిసిన వాన ఇంకకుండా చూస్తుండగానే వాగుల్లోకి దిగుతుంది. చిన్న కారును తేల్చడానికి ఒక్క అడుగు లోతు నీరు చాలు. 2025 జూలై 4న ఆ పక్క కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది ఎందరిని పొట్టన పెట్టుకుందో చూసినప్పుడు నాకు ఆ పీచ్ పళ్లే కళ్లముందు మెదిలాయి.

కనుక రాకపోకలు 290 హైవే మీదే. ఫోను ఎన్ని నిమిషాలు మిగులుతాయని చూపినా అడ్డదారి వద్దు. రోడ్డు మీద నీళ్లు కనిపిస్తే, మీ మామగారు ఏమనుకుంటారో అని మొహమాటపడకుండా వెనక్కి తిప్పు, తల్లీ. చీకటి పడితే జింకలు అడ్డొస్తాయి కాబట్టి పొద్దు ఉండగానే తిరుగుముఖం పట్టు.

దారిలో స్టోన్‌వాల్ దగ్గర పీచ్ పళ్లు అమ్ముతారు, మీ అత్తయ్యకు ఒక బుట్ట తీసుకో. డిక్కీలోనే పెట్టు, ఆవిడ ఈనాటికీ కారులో కాళ్ల దగ్గర ఏదీ పెట్టనివ్వదు.

మీ మామయ్య